కాకి కోట, ఎర్ర కోట: నాయనతో వేల్స్‌లో నాలుగు రోజులు

మా నాయన ప్రొద్దుటూరు హైస్కూల్లో ముప్పై ఏళ్లు సోషల్ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. నేనుండేది మాంచెస్టర్‌లో. మొన్న సెప్టెంబరులో ఆయన మా ఇంటికి వచ్చినప్పుడు, లండన్ చూస్తావా, స్కాట్లండ్ పోదామా అని అడిగాను. "అవి అందరూ చూసేటివే కదా మా. ఇండియా నుంచి క్లైవులు తెచ్చుకున్న సామాన్లు వేల్స్‌లో ఏదో కోటలో ఉన్నాయంట. అది యాడుందో చూడు" అన్నారు.

ఆ కోట పేరు పోయిస్. వేల్స్ తూర్పు అంచున, ఇంగ్లండ్ సరిహద్దుకు దగ్గర్లో, వెల్ష్‌పూల్ అనే చిన్న ఊరి పక్కన ఉంది. అక్కడికి పోయే దారిలోనే ఎర్డిగ్, చర్క్, లాన్‌గొల్లెన్ తగులుతాయి. వేల్స్ చిన్న దేశమే గాని 600కు పైగా కోటలున్నాయని చెబుతారు. నాలుగు రోజులు సెలవు పెట్టి, లాన్‌గొల్లెన్ దగ్గర ఒక చిన్న ఇల్లు అద్దెకు తీసుకుని, కారులో బియ్యం, కందిపొడి, ఊరగాయ పెట్టుకుని బయల్దేరాం.

మొదటి రోజు: ఎర్డిగ్, రెక్సమ్

వేల్స్‌లోకి అడుగు పెట్టామని చెప్పడానికి గేటూ చెక్‌పోస్టూ ఏమీ ఉండవు. రోడ్డు మీద తెల్ల రంగుతో పెద్ద అక్షరాల్లో 'అరవ్' అని కనబడుతుంది, అంతే. నెమ్మదిగా పొమ్మని అర్థం. బోర్డులన్నీ రెండు భాషల్లో ఉంటాయి. నాయన ప్రతి బోర్డునూ కూడబలుక్కుని చదువుతూ కూర్చున్నారు. పక్కనే ఇంగ్లిషు లాంటి భాష ఉన్నా వీళ్లు తమ భాషను రోడ్డు మీద కూడా రాసుకున్నారే అని ఆయనకు సంతోషం.

ఎర్డిగ్ కోట కాదు, జమీందారీ బంగళా లాంటిది. జాషువా ఎడిస్‌బరీ అనే ఆయన 1684లో మొదలుపెట్టి, కట్టీ కట్టీ అప్పుల పాలయ్యాడు. తర్వాత లండన్ లాయరు జాన్ మెల్లర్ కొన్నాడు. ఆయనకు పిల్లల్లేరు. 1733లో మేనల్లుడు సైమన్ యార్క్ చేతికొచ్చింది. అప్పటి నుంచి 1973లో పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్టు అనే సంస్థకు అప్పజెప్పేదాకా 240 ఏళ్లు యార్కులే ఉన్నారు. ఇంటి యజమానులందరి పేర్లూ సైమన్ లేదా ఫిలిప్! ఈ వంశానికి ఏ వస్తువునూ పారేసే అలవాటు లేదు. ఆఖరి కాలంలో కింద బొగ్గు గని తవ్వకాల వల్ల ఇల్లు ఐదడుగులు కుంగిపోయింది. అయినా లోపలి సామాన్లు చెదరలేదు. చివరి ఫిలిప్ యార్క్ ఒక్క వస్తువు కూడా బయటికి పోకూడదనే షరతు మీద ఇల్లు ఇచ్చేశాడు.

లోపలికి ముందు తలుపు నుంచి కాదు, పని వాళ్ల వైపు నుంచి పంపిస్తారు. వడ్రంగి కొట్టం, గుర్రపుశాల, బట్టలుతికే గది, రొట్టెలు కాల్చే పొయ్యి, ఆ తర్వాత వంటిల్లు. పని వాళ్లు కూర్చునే హాల్లో గోడ నిండా చిత్రపటాలు. అన్నీ పని వాళ్లవే. 1790లలో అప్పటి ఫిలిప్ యార్క్ తన ఇంట్లో పనిచేసే వడ్రంగినీ, వంటమనిషినీ, తోట కాపరినీ నూనె రంగుల్లో గీయించి, ఒక్కొక్కరి మీదా తనే పద్యం కట్టి బొమ్మలోనే రాయించాడు. అందులో జేన్ ఎబ్రెల్ అనే ముసలామె ఉంది. బొమ్మ గీసేనాటికి ఆమెకు 87 ఏళ్లు. ఇంట్లో సాలెగూళ్లు దులపడం ఆమె పని. తల మీద తెల్ల టోపీ, చేతిలో చీపురు. ముఖం ముడతలు పడి ఉంది గాని కళ్లు సూటిగా మనల్నే చూస్తాయి. ఆ పటం ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. మన వైపు సంస్థానాల బంగళాల్లో రాజుల పటాలు, వేటాడిన పులుల తలలు చూశాను. నీళ్లు మోసిన మనిషి పటం, వంట చేసిన మనిషి పటం నేనెక్కడా చూడలేదు. ఇక్కడ కూడా ఆ పద్యాలు యజమాని రాసినవే, జేన్ ఏమనుకునేదో మనకు తెలియదు. కానీ ఆమె ముఖం మిగిలింది, పేరు మిగిలింది. నాకది చిన్న విషయంగా అనిపించలేదు.

పైన పెద్ద పడకగదిలో చైనా పట్టు పరదాల మంచం, దగ్గర్లో నల్లటి లక్క పూత తెర ఒకటి ఉన్నాయి. ఆ తెర చైనాలో చేసిందే, కానీ దాన్ని 'కోరమాండల్' లక్క అంటారు. చైనా సరుకు మన తీరం రేవుల్లో ఓడలు మారి ఇక్కడికి వచ్చేది కాబట్టి ఆ పేరు. పక్కనున్న వాలంటీరు, దాన్ని మద్రాసు నుంచి ఎలిహు యేల్ బహుమతిగా పంపాడని చెప్పారు. నాయన చటుక్కున తలెత్తారు. "యేల్ అంటే చెన్నపట్నం గవర్నరు యేలేనా?"

ఆయనే. యేల్ కుటుంబానిది ఈ చుట్టుపక్కల ప్రాంతమే. సాయంత్రం రెక్సమ్ ఊళ్లోకి పోయి సెయింట్ జైల్స్ చర్చి ఆవరణలో ఆయన సమాధి చూశాం. అమెరికాలో పుట్టి, ఐరోపాలో పెరిగి, ఆఫ్రికా తిరిగి, ఆసియాలో పెళ్లాడి, లండన్‌లో చనిపోయాడని దాని మీద పద్యం చెక్కారు. 1680లో మద్రాసు జార్జి కోటలోని సెయింట్ మేరీస్ చర్చి రిజిస్టరులో ఎక్కిన మొట్టమొదటి పెళ్లి ఈయనదే. కొడుకు డేవిడ్ చిన్నప్పుడే పోయాడు. ఆ బిడ్డ సమాధిని చెన్నైలో ఇప్పటి హైకోర్టు పక్కన, పాత లా కాలేజీ ఆవరణ ఉన్నచోట కట్టారు. యేల్ 1687 నుంచి 1692 దాకా మద్రాసు గవర్నరుగా చేశాడు, అవినీతి ఆరోపణల మీద పదవి పోయింది. ఆ కాలంలో మద్రాసు రేవు నుంచి మనుషుల్ని బానిసలుగా ఓడలెక్కించి పంపేవారు. పద్యంలో ఆ ముక్క లేదు. తర్వాత అమెరికాలోని ఒక కాలేజీకి తొమ్మిది మూటల సరుకు, 417 పుస్తకాలు పంపితే 1718లో వాళ్లు ఈయన పేరు పెట్టుకున్నారు. అదే నేటి యేల్ విశ్వవిద్యాలయం.

"ఆ చెన్నపట్నం జాగా ఇంగ్లిషోళ్లకు ఇచ్చింది దామెర్ల వెంకటాద్రి నాయకుడు, 1639లో" అని నాయన సమాధితోనే చెబుతున్నట్టు మెల్లగా అన్నారు.

రెండో రోజు: చర్క్, పోంట్‌కసుల్తె

పొద్దున్నుంచీ వాన. చర్క్ కోటను 1295 ప్రాంతంలో రోజర్ మోర్టిమర్ మొదలుపెట్టాడు. 1282లో వెల్ష్ రాజు ల్లివెలిన్ చంపబడి, ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ వేల్స్‌ను జయించాక, ఆక్రమించుకున్న నేలను అదుపులో పెట్టడానికి వరసగా కట్టించిన కోటల్లో ఇదొకటి. బురుజుల గోడలు ఎంత మందమంటే కిటికీ దగ్గరికి పోవాలంటే చిన్న గదంత దూరం నడవాలి. ఆడమ్స్ టవర్ కింద చెరసాల ఉంది. మెట్లు దిగి చూశాను, ఒక్క సన్నటి సందులోంచి వెలుతురు వస్తోంది. అక్కడ ఎక్కువసేపు నిలబడలేకపోయాను. 1595లో థామస్ మిడిల్టన్ అనే లండన్ వ్యాపారి ఈ కోటను 5,000 పౌండ్లకు కొన్నాడు. ఐదేళ్ల తర్వాత ఈస్టిండియా కంపెనీ పెట్టినప్పుడు మొదట్లోనే డబ్బు పెట్టినవాళ్లలో ఈయన ఒకడు. వెల్ష్ భాషలో మామూలు జనం కొనుక్కోగలిగిన చిన్న బైబిల్ 1630లో అచ్చవ్వడానికి సొమ్మిచ్చిన వాళ్లలోనూ ఉన్నాడు. లోపలి గదులు అందంగానే ఉన్నాయి గాని, నాకు బాగా గుర్తుండేది బయటి ఇనుప గేటు. డేవిస్ అన్నదమ్ములు 1712 నుంచి ఏడేళ్ల పాటు సాగగొట్టి చేసింది. ఆకులు, తీగలు, పిట్టలు అన్నీ ఇనుమే. వాన చినుకులు పట్టుకుని మెరుస్తున్నాయి.

మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. పోంట్‌కసుల్తె పోయాం. అది కోటా కాదు, మఠమూ కాదు. నది మీదుగా కాలవను మోసే వంతెన. థామస్ టెల్‌ఫర్డ్, విలియం జెస్సప్ కలిసి 1795 నుంచి 1805 దాకా కట్టారు. డీ నదికి 38 మీటర్ల ఎత్తున, 307 మీటర్ల పొడవున పోత ఇనుప తొట్టిలో నీళ్లు పారుతుంటే, ఆ నీళ్లలో పడవలు పోతుంటాయి. 2009లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది. నడిచే బాట వైపు కమ్మీ ఉంది. పడవ పోయే వైపు ఏమీ లేదు, తొట్టి అంచు దాటితే గాలే. నాకు మధ్యలో కాళ్లు వణికాయి. నాయన మాత్రం కమ్మీ పట్టుకుని, ఒక్కో అడుగూ వేస్తూ ఆ ఒడ్డుదాకా పోయారు.

ఇనుప పలకల అతుకుల్లోంచి నీళ్లు కారకుండా, మరిగించిన చక్కెర పాకంలో ముంచిన వెల్ష్ ఫ్లానెల్ గుడ్డ కూరారట. ఆ బోర్డు చదివి నాయన ముఖం వెలిగిపోయింది. "చూస్తివా మా! మన పాత మిద్దెలకు గచ్చు పోసేటప్పుడు సున్నంలో బెల్లం నీళ్లు కలిపేటోళ్లు కాదా? మీ జేజి వాళ్ల మిద్దె అట్ల కట్టిందే." ఆ మిద్దె వానాకాలంలో కూడా కారేది కాదని, ఎండాకాలం రాత్రుళ్లు దాని మీద పడుకునేవాళ్లమని తిరిగి వచ్చే దారంతా చెబుతూనే ఉన్నారు.

మూడో రోజు: లాన్‌గొల్లెన్

ఈ ఊరి పేరులో రెండు చోట్ల వచ్చే ఆ వెల్ష్ 'ల్ల' మన 'ల్ల' కాదు. నాలుక కొనను పళ్ల వెనక ఆనించి పక్కల నుంచి గాలి ఊదాలి. రొట్టెల కొట్లో ఒకామె నాయనకు ఓపిగ్గా నేర్పింది. నాలుగోసారికి వచ్చింది. బదులుగా ఆయన ఆమెకు 'కాళ్లు' అనే మాట నేర్పారు. ఇద్దరూ పదే పదే అనుకుని ఒకరినొకరు మెచ్చుకున్నారు. ఎండుద్రాక్ష వేసి పెనం మీద కాల్చిన వెల్ష్ కేకులు నాలుగు కొనుక్కున్నాం. వేడివేడిగా చాలా బాగున్నాయి.

ఊరి పైన కోసుగా లేచిన కొండ మీద కాకి కోట ఉంది. కాస్తెత్ దినాస్ బ్రాన్. వెల్ష్‌లో బ్రాన్ అంటే కాకి. నాయన మోకాళ్లకు అది కుదిరే ఎక్కుడు కాదు. "నేను కిందుంటా, నువ్వు పోయిరా" అన్నారు. ముప్పావు గంట పట్టింది. గాలి నిలబడనివ్వలేదు. పైన మిగిలింది రెండు మూడు గోడ ముక్కలు, ఆకాశం కనిపించే కిటికీ కంతలు, చుట్టూ రాతిలో తొలిచిన కందకం. పోయిస్ అనేది ఈ ప్రాంతపు పాత వెల్ష్ రాజ్యం పేరు కూడా. 1260లలో ఉత్తర పోయిస్ రాజు గ్రుఫిద్ అప్ మదోగ్ కట్టించాడని భావిస్తారు. 1277లో ఎడ్వర్డ్ సేనలు వస్తున్నాయని తెలిసి, శత్రువు చేతికి దక్కకూడదని లోపలున్న వెల్ష్ వాళ్లే నిప్పు పెట్టారు. కట్టి ఇరవై ఏళ్లు కూడా కాలేదు. నిన్న చూసిన చర్క్ గెలిచినవాళ్ల కోట. అందులో ఈ మధ్యదాకా మనుషులు కాపురమున్నారు, తివాచీలున్నాయి, గడియారాలు నడుస్తున్నాయి. ఓడినవాళ్ల కోటలో గొర్రెలు మేస్తున్నాయి. నాకు గండికోట గుర్తొచ్చింది. అక్కడ కూడా గోడల మీద గాలి ఇలాగే కొడుతుంది.

మధ్యాహ్నం వాలె క్రూసిస్ మఠం. లాన్‌గొల్లెన్ నుంచి రెండు మైళ్లు. ఈ నాలుగు రోజుల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. ఇంకోసారి వస్తే ఇక్కడికే వస్తాను. 1201లో మదోగ్ అప్ గ్రుఫిద్ సిస్టెర్షియన్ సన్యాసుల కోసం కట్టించాడు. రంగు వేయని ఉన్ని బట్టలు కట్టే వీళ్లను తెల్ల సన్యాసులనేవారు. జనానికి దూరంగా, నీళ్లూ పచ్చికా ఉన్నచోట ఉండి, గొర్రెలు పెంచుకునేవారు. 1537లో ఎనిమిదో హెన్రీ ఆజ్ఞతో మఠం మూసేశారు. చర్చికి పైకప్పు లేదు. పడమటి గోడ మాత్రం దాదాపు నిండుగా నిలబడి ఉంది. మూడు పొడవాటి కిటికీలు, వాటి పైన ఎనిమిది రేకుల గుండ్రటి చిన్న కిటికీ. నాయన దాని కింద ఒక రాయి మీద కూర్చున్నారు. మెత్తగా ఎండ కాసింది. ఆ రేకుల్లోంచి పడిన వెలుతురు గడ్డి మీద మెల్లగా జరుగుతుంటే ఇద్దరం మాట్లాడకుండా చూస్తూ కూర్చున్నాం.

సన్యాసులు సమావేశమయ్యే గది కప్పు ఇంకా చెక్కుచెదరలేదు. స్తంభాల మీంచి కమానులు తాటి మట్టల్లా విచ్చుకుంటాయి. బయట చేపల కొలను ఉంది. వేల్స్ మఠాల కొలనుల్లో మిగిలింది ఇదొక్కటే. తూర్పు గోడ నీడ అందులో తలకిందులుగా కనబడుతుంది. 15వ శతాబ్దపు గొప్ప వెల్ష్ కవి గుటోర్ గ్లిన్ చూపు పోయిన ముసలితనంలో ఇక్కడే ఉన్నాడు, ఇక్కడే పోయాడు. ఆదరించిన మఠాధిపతి మీద, ఆయన పెట్టిన భోజనం మీద పద్యాలు చెప్పాడు. "కవికి అన్నం పెట్టినోళ్ల పేరు అట్లనే నిలబడుతుంది" అన్నారు నాయన.

మఠానికి కాస్త అవతల పొలంలో దిబ్బ మీద ఎలిసెగ్ స్తంభం. ఈ లోయకు వాలె క్రూసిస్, అంటే శిలువ లోయ అని పేరొచ్చింది దీని వల్లనే. 9వ శతాబ్దంలో పోయిస్ రాజు కెంగెన్ తన ముత్తాత ఎలిసెగ్ పేరు మీద నిలబెట్టి, వంశచరిత్ర అంతా లాటిన్‌లో చెక్కించాడు. ఇప్పుడు రాయి నున్నగా అరిగింది. నాయన కమ్మీ మీంచి వంగి, కళ్లద్దాలు మార్చి మార్చి చూశారు. ఒక్క అక్షరం కూడా పట్టుబడలేదు. 1696లో ఎడ్వర్డ్ లూయిడ్ అనే పండితుడు అప్పటికి కనిపిస్తున్న మేరకు రాసిపెట్టుకున్నాడు కాబట్టి అందులో ఏముందో లోకానికి తెలిసింది. మన కడప జిల్లా ఊళ్ల చరిత్రలు, ఆ కైఫీయత్తులు కూడా ఎవరో ఊరూరా తిరిగి రాయించి పెట్టబట్టే మిగిలాయి కదా అని నాయన చాలాసేపు ఆ పని చేసిన కావలి సోదరుల గురించి చెప్పారు.

సాయంత్రం ప్లాస్ నెవిద్‌లో అరగంటే ఉన్నాం. ఐర్లండ్‌లో తమ ఇళ్లు వదిలొచ్చి 1780 నుంచి దాదాపు యాభై ఏళ్లు కలిసి బతికిన ఎలనార్ బట్లర్, సారా పాన్సన్‌బీల ఇల్లు అది. గుమ్మం నుంచి గోడల దాకా పాత ఓక్ చెక్కడాలు తెచ్చి అతికించుకున్నారు.

నాలుగో రోజు: పోయిస్

లాన్‌గొల్లెన్ నుంచి దక్షిణంగా గంట ప్రయాణం. వెల్ష్‌లో దీని పాత పేరు 'ఎర్ర కోట'. నిజంగానే ఎర్రరాయి. గ్రుఫిద్ అప్ గ్వెన్‌విన్‌విన్ అనే వెల్ష్ రాజు 13వ శతాబ్దంలో కట్టించాడు. 1587లో హెర్బర్టుల వంశం కొన్నది. కోట కింద కొండవాలునే మెట్లు మెట్లుగా చెక్కి ఇటలీ పద్ధతిలో తోట వేశారు. పైన మూడొందల ఏళ్ల యూ చెట్లు కత్తిరించీ కత్తిరించీ ఆకుపచ్చ మబ్బుల్లా అయ్యాయి. తోట కోసమే వచ్చేవాళ్లు చాలామంది. నాయన తోటను చూడలేదు. నేరుగా లోపలికి నడిచారు.

రాబర్ట్ క్లైవు కొడుకు ఎడ్వర్డ్ 1784లో ఈ ఇంటి ఆడపిల్ల హెన్రియెట్టా హెర్బర్ట్‌ను పెళ్లాడాడు. ఆమె అన్న పెళ్లి కాకుండానే పోవడంతో కోట ఆమె బిడ్డలకు వచ్చింది. క్లైవుల సొత్తు అలా ఇక్కడికి చేరింది. వెయ్యికి పైగా వస్తువులున్నాయంటారు. వెలుతురు తగ్గించిన పొడవాటి గది, అద్దాల బీరువాలు. కత్తులు, దంతపు పనులు, హుక్కాలు, సిరాజుద్దౌలాది అని చెప్పే పల్లకీ.

టిప్పు సింహాసనం మీది బంగారు పులి తల పిడికిలంత కూడా ఉండదు. పలచటి బంగారు రేకు, పొదిగిన రాళ్లు, తెరిచిన నోట్లో పళ్లు ఒక్కొక్కటీ విడివిడిగా కనబడతాయి. ముట్టె మీద మీసాల కుదుళ్లు కూడా సన్నటి చుక్కలుగా తీర్చారు. ఎడ్వర్డ్ క్లైవు 1798లో మద్రాసు గవర్నరుగా వెళ్లాడు, 1799 మే 4న శ్రీరంగపట్నం పడిపోయి టిప్పు చనిపోయాడు, ఇవి వీళ్ల చేతికి వచ్చాయి. టిప్పుదని చెప్పే అద్దకపు గుడ్డ గుడారం కూడా వీళ్లదగ్గరే ఉంది. తెల్లటి నూలు మీద కమానులు, ఒక్కో కమానులో పూలకుండీ, ఎర్ర పూలు, పచ్చటి తీగలు. క్లైవులు దాన్ని తోటలో విందులకు వేసుకునేవారట. 1800లో హెన్రియెట్టా ఇద్దరు కూతుళ్లను వెంటబెట్టుకుని మద్రాసు నుంచి బెంగళూరు, శ్రీరంగపట్నం, తంజావూరు మీదుగా ఏడు నెలల్లో వెయ్యి మైళ్లు తిరిగింది. మొక్కలు, రాళ్లు సేకరించింది. ఆమె కుతూహలం నిజమైనదే. ఆ గుడారం గురించి చదివాక ఆమెను మెచ్చుకోవడం నాకు కష్టమైంది.

గోడ మీద బెంజమిన్ వెస్ట్ గీసిన పెద్ద పటం. షా ఆలం చక్రవర్తి రాబర్ట్ క్లైవుకు బెంగాల్ దివానీ, అంటే పన్నులు వసూలు చేసుకునే హక్కు పత్రం ఇస్తున్న దృశ్యం. వెస్ట్ ఎప్పుడూ ఇండియాకు రాలేదు. నాయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, బడిలో చెప్పినట్టే చెప్పారు. "1765 ఆగస్టు 12. అదే తేదీతో ఇంకో ఫర్మానా కూడా పుట్టింది మా. ఉత్తర సర్కారులు. చికాకోల్ అంటే మన శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి, గుంటూరు. గుంటూరు మాత్రం 1788 దాకా చేతికి రాలేదు." అంతకు ముందే 1758లో బెంగాల్ నుంచి ఫోర్డు అనే కంపెనీ సేనానిని పంపించి, చందుర్తిలో ఫ్రెంచి వాళ్లను ఓడించి, మరుసటి ఏడు మచిలీపట్నం పట్టుకునేలా చేసిందీ రాబర్ట్ క్లైవే. ఇక కొడుకు మద్రాసులో ఉన్నప్పుడు, 1800 అక్టోబరులో, నిజాం తన దగ్గరుంచిన కంపెనీ సైన్యం ఖర్చు కింద, టిప్పు నుంచి తనకొచ్చిన కడప, బళ్లారి, అనంతపురం ప్రాంతాలను కంపెనీకి ఇచ్చేశాడు. దత్తమండలాలని పేరు పడింది. ఆ పేరు పోగొట్టుకుని రాయలసీమ అని పిలుచుకోవడానికి 1928 నంద్యాల సభ దాకా ఆగాల్సొచ్చింది.

"తండ్రి కాలంలో కోస్తా, కొడుకు కాలంలో మన సీమ. ఇద్దరి సామాన్లూ ఒకే గదిలో" అన్నారు నాయన. గొంతులో కోపం లేదు. ముప్పై ఏళ్లు నల్లబల్ల మీద రాసిన తేదీలు కళ్ల ముందు వస్తువులై కూర్చుంటే మనిషికి ఎలా ఉంటుందో అలా ఉన్నారు.

బయటికొచ్చి పైమెట్టు తోటలో బల్ల మీద కూర్చున్నాం. ఫ్లాస్కులోని కాఫీ పోసిచ్చాను. దూరంగా కొండలు, వాటి అవతల ఇంగ్లండ్. కాఫీ సగంలో ఉండగానే నాయన లేచారు.

"ఎన్నింటికి మూస్తారు?"

"ఇంకా నలభై నిమిషాలుంది నాయనా."

"అయితే ఇంకోసారి ఆ పులి తల చూసొస్తా. నువ్వు కూర్చో" అని గ్లాసు నా చేతికిచ్చి, ఎర్ర గోడ వైపు నడిచారు.